విశాఖలో కొత్తగా కాపురం: ఊరిని పేటపేటగా తెలుసుకునే పద్ధతి

బదిలీ మీదో, చదువుకో, కొత్త ఉద్యోగానికో విశాఖపట్నం వచ్చినవాళ్ళు మొదటి నెలలోనే ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ చుట్టేస్తారు. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఇల్లు, ఆఫీసు, మళ్ళీ అదే బీచ్. ఇక్కడే పిల్లల్ని పెంచి పెద్దచేసి కూడా పాత ఊరైన వన్‌టౌన్‌లో కోటవీధి ఎటువైపో తెలియనివాళ్ళు చాలామందే ఉన్నారు. ఊరి మీద ఇష్టం ఉన్న మనిషిగా నాకు అది బాధగానే ఉంటుంది.

ఈ ఊళ్ళో దాదాపు ప్రతి పేటా ఏదో ఒక పని చుట్టూ పెరిగింది. చేపల వేట, ఓడరేవు, రైల్వే, యూనివర్సిటీ, నేవీ, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఒక్కో ప్రాంతం నుంచి మనుషుల్ని తెచ్చి ఒక్కో మూల దింపింది. అందుకని ఏ పేటకి వెళ్ళినా "ఇక్కడివాళ్ళు మొదట్లో ఏ పని మీద వచ్చారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే గుళ్ళు, తిండి, భాష, వీధుల వెడల్పు, అద్దెలు అన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కింద చెప్పే క్రమమంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

1. ముందు కొండల్ని గుర్తుపట్టండి

ఫోనులో మ్యాపు తెరిచే ముందు ఓ సాయంత్రం ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడండి. మీ కుడిచేతి వైపు సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ డాల్ఫిన్స్ నోస్. ఎడమచేతి వైపు దూరంగా కనిపించేది కైలాసగిరి. దక్షిణాన యారాడ కొండల వరస, ఉత్తరాన సింహాచలం కొండల వరస. ఈ రెంటి నడుమ పడి పెరిగిందే పాత నగరం. ఇప్పుడు రేవు ఉన్న చోట ఒకప్పుడు ఉప్పునీటి బురద నేల ఉండేది. దాన్ని తవ్వి, డాల్ఫిన్స్ నోస్ చాటున ఓడలు భద్రంగా నిలిచేలా రేవు కట్టి 1933లో ప్రారంభించారు.

కొత్తవాళ్ళు ఇల్లు వెతకబోయే ముందే ఈ నైసర్గిక స్వరూపం తెలుసుకోవాలి. దక్షిణాన గాజువాక, ఉత్తరాన మధురవాడ మ్యాపులో ఒకే ఊరు. కానీ రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ దూరం తిరిగితే బతుకంతా హైవే మీదే గడిచిపోతుంది. రేవు, ఎయిర్‌పోర్టు, కొండలు అడ్డం ఉండటంతో అటువైపు నుంచి ఇటువైపు రావడానికి ఉన్న దారులు తక్కువ. ఒకటి ఎన్ఏడీ జంక్షన్ మీదుగా, ఇంకొకటి కాన్వెంట్ జంక్షన్ నుంచి రేవు పక్కగా సింధియా, మల్కాపురం మీదుగా. అందుకే ఇక్కడ ఇల్లు కిలోమీటర్లు లెక్కపెట్టి వెతక్కూడదు, పని ఎటువైపో చూసుకుని వెతకాలి.

2. ఇల్లు వెతికేటప్పుడు

స్టీల్‌ప్లాంటు, ఫార్మా కంపెనీలు, షిప్‌యార్డులో పనైతే గాజువాక, కూర్మన్నపాలెం, షీలానగర్ వైపు చూడండి. రుషికొండ ఐటీ కొండల్లోనో, అటువైపు కాలేజీల్లోనో అయితే మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ. ఆస్పత్రులు, బ్యాంకులు, యూనివర్సిటీ అయితే ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, సీతమ్మధార, అక్కయ్యపాలెం. అద్దె తక్కువగా ఉండి బస్సు, రైలు రెండూ అందాలంటే కంచరపాలెం, మురళీనగర్, గోపాలపట్నం చాలామందికి కుదురుతాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఒకరు అటు, ఒకరు ఇటు వెళ్ళే ఇంట్లో ఎన్ఏడీ చుట్టుపక్కల ఉండటమే మంచిదని నా సలహా. అందంగా ఉండదు, కానీ ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

టులెట్ బోర్డు చూసి ఇంట్లోకి అడుగుపెట్టాక ఓనరుతో అద్దె, అడ్వాన్సు మాట్లాడే ముందు కొన్ని పరీక్షలు చేయండి.

కిటికీ గ్రిల్లు మీద వేలు పెట్టి గీయండి. వేలికి నల్లటి మెత్తటి పొడి అంటితే అది రేవులో ఎక్కించి దించే బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, వన్‌టౌన్‌లో కొన్ని వీధులు, మల్కాపురం వైపు ఈ బాధ ఎక్కువ. ఆస్తమా ఉన్నవాళ్ళో పసిపిల్లలో ఇంట్లో ఉంటే ఈ ఒక్క పరీక్షతోనే నిర్ణయం తీసుకోండి.

సముద్రానికి దగ్గరైతే గేటు కీళ్ళు, ఏసీ బయటి పెట్టె, మెట్ల రెయిలింగు చూడండి. ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. బీచ్ కనిపించే ఫ్లాటుకి అద్దెతో పాటు మరమ్మతులు కూడా కలిపి లెక్కేసుకోవాలి. పెద్ద పెద్ద గాజు తలుపులు సముద్రం వైపు ఉంటే అవి ఎంత మందమో, బయట షట్టరు ఉందో లేదో అడగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ ఊరి మీద తీరం దాటినప్పుడు అద్దాలు పగిలిన ఇళ్ళు, ఆఫీసులు కోకొల్లలు.

కుళాయి తిప్పి నీళ్ళు నోట్లో వేసుకుని చూడండి. జీవీఎంసీ (నగర కార్పొరేషన్) నీళ్ళు రోజూ ఏ వేళకి వస్తాయో, ఎంతసేపు వస్తాయో పక్కింటివాళ్ళని అడగడం మేలు. ఒడ్డుకి దగ్గరగా ఉన్న బోర్లలో ఉప్పు తగులుతుంది. కొండవాలు ఇళ్ళలో గాలి బ్రహ్మాండంగా ఉంటుంది, నీటి ఒత్తిడి మాత్రం ఉండదు. ఈ రెండిట్లో మీకేది ముఖ్యమో ముందే తేల్చుకోండి.

3. మొదటి నెల మీ కాలనీ దాటకండి

బీచ్ ఎక్కడికీ పోదు. ముందు మీ వీధిలో పాలు, కూరగాయలు, మందులు, టైలరు, ఎలక్ట్రీషియను. ఆ వెతుకులాటలోనే కాలనీ లోపల దాక్కున్న పల్లెటూరు బయటపడుతుంది. విశాఖలో కాలనీ ఏదైనా గానీ దాని నడుమ ఒక పాత పల్లె ఉంటుంది. పన్నెండు సెక్టార్లుగా గీత గీసినట్టుండే ఎంవీపీ కాలనీ కూడా మువ్వలవానిపాలెం అనే ఊరి పేరుతో వచ్చిందే. మద్దిలపాలెం, అక్కయ్యపాలెం, వెంకోజీపాలెం, రేసపువానిపాలెం అన్నీ అలాంటివే.

ఆ పల్లెని కనుక్కోవడం తేలిక. వెడల్పాటి రోడ్డు ఉన్నట్టుండి ఇరుకై వంకర తిరిగితే, అక్కడ ఒక రామాలయమో అమ్మవారి గుడో, దాని ముందు రావిచెట్టు అరుగో ఉంటే, మీరు వచ్చేసినట్టే. పొద్దుటే అక్కడ అరుగు మీద కూర్చునే పెద్దవాళ్ళకి ఈ కాలనీ స్థలంలో ముందు ఏం పండేదో, ఏ చెరువు ఎప్పుడు పూడిపోయిందో తెలుసు. వానాకాలంలో మీ వీధిలోకి నీళ్ళెందుకొస్తాయో ఇంజనీరు కంటే వాళ్ళే బాగా చెప్తారు. పలకరించేటప్పుడు తాతగారూ, పిన్నిగారూ అంటే చాలు. "ఏటి బాబూ, కొత్తగా దిగారా?" అని వాళ్ళే మొదలుపెడతారు.

పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ గుడి చూడండి. చుట్టూ యూనివర్సిటీ క్వార్టర్లు, అపార్ట్‌మెంట్లు పెరిగినా, వేసవిలో అమ్మవారి పండగ వచ్చిందంటే ఆ ప్రాంతం మళ్ళీ పల్లె అయిపోతుంది.

రైతుబజార్ కూడా ఈ నెలలోనే అలవాటు చేసుకోండి. పాడేరు, చింతపల్లి, అరకు వైపు నుంచి వచ్చే సరుకు ఈ ఊరికున్న అదృష్టం. అల్లం, పసుపు, రాజ్‌మా, అనాస, చలికాలం మొదట్లో సీతాఫలాలు. చోడిపిండి (రాగిపిండి) కొని అంబలి కాచుకోవడం నేర్చుకుంటే ఇక్కడి మే నెల ఉక్కపోతని తట్టుకోవచ్చు.

4. బస్సు, ఆటో భాష

"కాంప్లెక్స్" అంటే ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకా బస్‌స్టేషన్. "జగదాంబ" అంటే సినిమా హాలు పేరు మీద వెలిసిన జంక్షన్. "ఓల్డ్ పోస్టాఫీసు" అంటే వన్‌టౌన్ చివర. ఈ మూడు పేర్లు, వాటికి తోడు మద్దిలపాలెం, ఎన్ఏడీ, హనుమంతవాక, పాత గాజువాక తెలిస్తే షేర్ ఆటోల్లో ఊరంతా తిరగొచ్చు. ఎక్కేముందు ఎక్కడిదాకా వెళ్తుందో అడిగి, జంక్షన్ దాటేముందే దిగిపోవాలి. రైల్వేస్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె, కొత్తవలస నుంచి బీచ్‌కి వచ్చే 28కె లాంటి సిటీ బస్సుల్లో కిటికీ పక్కన ఓ చివరి నుంచి ఇంకో చివరికి కూర్చుని వెళ్ళడం ఊరు నేర్చుకోవడానికి అన్నింటికన్నా చవకైన మార్గం. పేటలు మారేకొద్దీ ఎక్కేవాళ్ళ బట్టలు, చేతుల్లో సంచులు, మాట యాస మారిపోతుంటాయి.

రైలు టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని దూరప్రాంత రైళ్ళు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన చాలా రైళ్ళు ఇంజను మార్చుకుని వచ్చిన దిక్కుకే బయల్దేరతాయి. గాజువాక వైపు ఉండేవాళ్ళకి దువ్వాడే దగ్గర.

5. వన్‌టౌన్: ఒక పొద్దుటంతా కేటాయించండి

నన్నడిగితే ఈ ఊళ్ళో ఒక్క చోటే చూసే తీరిక ఉన్నవాళ్ళు ఇదే చూడాలి. ఆరున్నరకల్లా ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర దిగండి. ఎండ ముదిరాక, మెయిన్ రోడ్డు మీద లారీలు మొదలయ్యాక నడవడం కష్టం.

టౌన్‌హాలు, క్వీన్ మేరీ బాలికల స్కూలు దాటి కోటవీధిలోకి వెళ్ళండి. ఇంగ్లిషువాళ్ళ కోఠీ (వర్తక స్థావరం) ఉన్న రోజుల నుంచి జనం మసలుతున్న చోటిది. పాత మేడల గుమ్మాలు, చెక్క స్తంభాలు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. పడగొట్టినవి అంతకంటే ఎక్కువ. చూడాలనుకునేవాళ్ళు తొందరపడటం మంచిది. అక్కణ్ణుంచి కురుపాం మార్కెట్. బంగారం పనివాళ్ళు, పూజ సామాను, ఇత్తడి, దారాలు, పూసలు. పెళ్ళి పనులున్న ఇళ్ళవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, పక్కనున్న ఒడిశా నుంచి కూడా ఇక్కడికి వస్తారు. కొట్టు మెట్ల మీద చెవి పెడితే తెలుగు, ఒడియా, మార్వాడీ ఒకే బేరంలో వినిపిస్తాయి.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి గర్భగుడి మీద పైకప్పు లేదు. ఎండా వానా అమ్మవారి మీదే పడతాయి. కులం, హోదా చూడకుండా భక్తులు స్వయంగా అభిషేకం చేసుకోవచ్చు. పురిటి బిడ్డల్ని తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టే తల్లులు ఎప్పుడు వెళ్ళినా కనిపిస్తారు. మార్గశిర మాసంలో గురువారాలు మాత్రం జనసముద్రం. గుడిని స్థిమితంగా చూడాలంటే వేరే నెలలో, మామూలు వారంలో వెళ్ళండి.

చివరగా రేవు అంచున వరసగా నిలబడ్డ మూడు గుట్టలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్నది రాస్ హిల్. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తరవాత అది ప్రార్థనా మందిరం అయింది. స్థానికులకి అది కొండగుడి. సముద్రం మీదికి వెళ్ళే కుటుంబాలు మూడుచోట్లా మొక్కుకుంటాయి. డిసెంబర్‌లో కొండగుడి పండగకి మెట్లెక్కే ఆడవాళ్ళలో సగం మంది నుదుట బొట్టు ఉంటుంది. మూడూ ఒకే పొద్దుట ఎక్కొచ్చు, కాళ్ళు సహకరిస్తే. పైనుంచి ఓడలు రేవులోకి వచ్చే సన్నటి కాలువ కళ్ళముందు ఉంటుంది. పెద్ద ఓడ ఒకటి దాన్ని లాగే టగ్గు పడవల మధ్య నిదానంగా ఆ కాలువలోకి వంగి రావడం చూస్తే, ఈ ఊరు ఇక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక హెచ్చరిక: ఆ కొండల మీద నుంచి నేవీ స్థావరం, యుద్ధనౌకల వైపు కెమెరా తిప్పకండి. ఈ నియమం ఎయిర్‌పోర్టు దగ్గరా వర్తిస్తుంది. అది ఐఎన్ఎస్ డేగ అనే నేవీ స్థావరంలో భాగం.

6. ఫిషింగ్ హార్బర్, చేపలు కొనడం

తెల్లవారకముందే వెళ్ళాలి. రబ్బరు చెప్పులు వేసుకోండి, ప్యాంటు మడిచిపెట్టుకోండి. నేలంతా మంచునీళ్ళు, పొలుసులు. బోట్ల నుంచి బుట్టలు దిగుతుంటే పక్కనే వేలంపాట మొదలవుతుంది. అది టోకు బేరం. మీకు కిలో రెండు కిలోలు కావాలంటే ఆ గుంపులో దూరకుండా, పాటలో కొని బయట వరసగా కూర్చుని అమ్మే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఫోటో తీయాలనిపిస్తే ముందు అడగండి. పని వేళలో అడ్డం రాకపోతే వాళ్ళు కాదనరు.

"కోనాం ఎంతమ్మా?" అంటే వెంటనే రేటు చెప్పే మనిషిని కొంచెం అనుమానించొచ్చు. మంచి సరుకున్న అమ్మ "ముందు సూడు బాబూ, రేటు తరవాత" అని బొటనవేలితో మొప్ప ఎత్తి చూపిస్తుంది. లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి, నిగనిగలాడాలి. గుంట పడకూడదు. వేలితో నొక్కితే సొట్ట వెంటనే సర్దుకోవాలి. పులుసుకి కోనాం, పండుగప్ప. వేపుడుకి చందువ, నెత్తళ్ళు. కానాగంతలు, కవళ్ళు చవక. చింతపండు దండిగా వేసి మట్టిచట్టిలో పెట్టిన కవళ్ళ పులుసు మర్నాడు ఇంకా బాగుంటుంది. ముక్కలు ఎలా కావాలో, పులుసుకా వేపుడుకా అన్నది ముందే చెప్పండి. కత్తిపీట మీద వాళ్ళ చెయ్యి ఆగదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు ఆపేస్తారు. అప్పుడు బజారులో దొరికేది చాలావరకు మంచులో నిలవున్నదో, చెరువుదో. ఆ రెండు నెలల్లో హార్బర్‌కి వెళ్తే కొనడానికి ఏమీ పెద్దగా ఉండదు, చూడటానికి ఉంటుంది. బోట్లకి రంగులు వేస్తూ, వలలు కుట్టుకుంటూ, మాట్లాడటానికి తీరిగ్గా ఉంటారు.

జాలరి, వాడబలిజ కులాలవాళ్ళు ఈ తీరానికి రేవు కంటే, నగరం కంటే ముందువాళ్ళు. లాసన్స్‌ బే పక్కన పెద జాలరిపేటకి పొద్దుటే వెళ్తే ఒడ్డున తెప్పలు, ఫైబర్ పడవలు వరసగా ఉంటాయి. ఒక్కోరోజు పెద్ద వలని ఒడ్డు నుంచే రెండు తాళ్ళతో రెండు జట్లు లాగుతుంటాయి. పట్టుకోమని చెయ్యి చూపిస్తే వెళ్ళి తాడు పట్టుకోండి. అదే పరిచయం.

7. దక్షిణం వైపు: పనివాళ్ళ ఊళ్ళు

పర్యాటకుల పుస్తకాల్లో ఈ భాగం ఉండదు. నగరానికి తిండి పెట్టింది మాత్రం ఇదే. సింధియా బస్‌స్టాపుకి ఆ పేరు ఓడల కంపెనీ నుంచి వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో ఇక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టింది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్ళలోకి దిగింది. 1957లో రిఫైనరీ వచ్చింది. ఈ దారిలో మల్కాపురం, శ్రీహరిపురం మెస్సుల్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చోండి. మీ బల్ల మీద బీహార్ వెల్డరు, కేరళ ఫోర్‌మను, ఇచ్ఛాపురం లారీ డ్రైవరు ఉండొచ్చు. ముగ్గురూ హిందీ, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటారు.

గాజువాక 2005లో విశాఖలో కలిసేదాకా వేరే మునిసిపాలిటీ. ఇప్పటికీ తన బజారు, తన హాళ్ళు, తన పండగలతో వేరే ఊరిలాగే ఉంటుంది. ఇక్కడ స్టీల్‌ప్లాంటు గురించి మాట్లాడేటప్పుడు కాస్త గౌరవంగా, నెమ్మదిగా మాట్లాడండి. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం వీధుల్లోకి వచ్చి ప్రాణాలిచ్చారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ భూముల కోసం ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. పెదగంట్యాడ చుట్టూ నిర్వాసితుల కాలనీల్లో ఆర్-కార్డు (నిర్వాసితులకిచ్చిన కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్ళయినవాళ్ళు ఉన్నారు. స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల ఉక్కునగరం చెట్ల నీడలో నడిచినవాళ్ళు ఆ కాలనీల్లోకి కూడా ఒకసారి వెళ్ళిరావాలని నా కోరిక.

8. పక్క రాష్ట్రాల వాళ్ళ పండగలకి వెళ్ళండి

వాల్తేరు రైల్వే, నేవీ, ఉక్కు ఫ్యాక్టరీ, ఓడరేవు వ్యాపారం. ఈ నాలుగూ దేశం నలుమూలల వాళ్ళనీ తెచ్చాయి. బెంగాలీలు దసరాకి దుర్గాపూజ మండపాలు వేస్తారు. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి సరే సరి. దసపల్లా హిల్స్‌లో జగన్నాథుడి గుడి ఒడియావాళ్ళ కూడలి. వన్‌టౌన్‌లోనూ జగన్నాథస్వామి ఉన్నాడు, ఆషాఢంలో రథయాత్ర ఊళ్ళో ఒకటికి రెండుచోట్ల కదులుతుంది. సీతమ్మధార దగ్గర గురుద్వారా పేరు మీదే జంక్షన్ ఉంది. తల కప్పుకుని వెళ్తే ఎవరికైనా లంగర్ భోజనం పెడతారు. డిసెంబర్ 4న నేవీ డే. బీచ్‌లో నేవీ విన్యాసాలు పెట్టిన ఏడాది, వాటికి ముందు రోజుల్లో రిహార్సల్స్ జరుగుతాయి. అసలు రోజు తోపులాట వద్దనుకునేవాళ్ళు రిహార్సల్ చూసి రావడం తెలివైన పని.

ఈ పండగలకి పిలుపు అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంటులో బెంగాలీ బోదీ (వదినగారు) ఉంటే అష్టమి నాడు ఆమెతో కలిసి వెళ్ళండి. సంక్రాంతికి ఆమెని మీ ఇంటికి పిలవండి.

9. భీమిలి దారి, సముద్రంతో జాగ్రత్త

బీచ్ రోడ్డు మీద ఉత్తరానికి భీమిలి దాకా ఒక రోజు పెట్టుకోండి. తొట్లకొండ 1976లో నేవీ విమాన సర్వేలో బయటపడ్డ బౌద్ధ ఆరామం. రాతిలో తొలిచిన నీటి తొట్లు, వాటి వెనక నీలంగా సముద్రం. మంగమారిపేట దగ్గర రాతి తోరణం, ఆ తరవాత ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల గట్లెక్కి దొర్లకండి, వేల ఏళ్ళు పట్టి నిలిచిన ఇసుక అది, ఒక్క అడుగుకి జారిపోతుంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. అక్కడికి సాయంత్రానికి చేరేలా చూసుకోండి.

సముద్రం గురించి మొహమాటం లేకుండా చెప్తాను. ఆర్కే బీచ్‌లో, యారాడలో మోకాళ్ళు దాటి దిగొద్దు. ఒడ్డు దగ్గరే లోతు ఒక్కసారి పెరుగుతుంది, వెనక్కి వెళ్ళే నీరు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. ఏటా ఇక్కడ కుర్రాళ్ళ ప్రాణాలు పోతూనే ఉన్నాయి. నీళ్ళలో ఆడాలంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న చోట, వాళ్ళున్న వేళలో. మిగతాచోట ఇసుకలో కూర్చుని నిమ్మకాయ పిండిన మురీ (మరమరాల) మిక్సర్ తినండి. దానికీ ఈ ఊరి పేరు ఉంది.

అక్టోబర్, నవంబర్ తుపానుల నెలలు. వాతావరణ కేంద్రం హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి, ఫోన్లు ఛార్జి చేసి, బాల్కనీలో కుండీలు లోపల పెట్టండి. వారానికి సరిపడా మందులు, బియ్యం, కొంత నగదు ఇంట్లో ఉంచుకోండి. హుద్‌హుద్ తరవాత రోజుల తరబడి కరెంటు, ఏటీఎంలు లేవు. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే అయిపోయిందనుకుని బయటికి రావద్దు. తుపాను కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అంతే జోరుగా వీస్తుంది.

10. ఏడాది తిరిగేసరికి గిరి ప్రదక్షిణ

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. భక్తి ఉన్నవాళ్ళకి అది అప్పన్న (సింహాచలం స్వామి) సేవ. లేనివాళ్ళకి కూడా ఈ నగరాన్ని కాలినడకన చూడటానికి ఇంతకంటే మంచి రాత్రి లేదు. కొండ కింద మెట్ల మొదట్లో ఉన్న తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్ దగ్గర సముద్రానికి చేరతారు. అక్కడ స్నానం చేసి ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, మాధవధార, మురళీనగర్ దాటి, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ కిందికి. అడవి అంచు, జాలరిపేట, మేడల కాలనీ, పాత పాలెం, రైల్వే క్వార్టర్లు అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దారి పొడవునా ఇళ్ళవాళ్ళు మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పట్టుకుని నిలబడతారు. మిగతా రోజుల్లో మూసి ఉండే గేట్లు ఆ రాత్రి తెరిచే ఉంటాయి.

నడవాలనుకుంటే నెల ముందు నుంచే బీచ్ రోడ్డు మీద పొద్దుటే అలవాటు చేసుకోండి. ఆ వేళ కొంతసేపు అక్కడ వాహనాలు ఆపేస్తారు. ఎండ తగ్గాక బయల్దేరండి. మధ్యాహ్నం తారురోడ్డు మీద వట్టికాళ్ళతో నడిస్తే హనుమంతవాక వచ్చేసరికే బొబ్బలెక్కుతాయి. పెట్టిందల్లా తినొద్దు, ప్రతి చోటా కొంచెం కొంచెం నీళ్ళు తాగండి. ఫోను, ఓ తువ్వాలు, మీ రోజువారీ మాత్రలు చాలు. పెద్దవాళ్ళు అప్పూఘర్ నుంచి మొదలుపెట్టి వెంకోజీపాలెం దాకా నడిచినా తప్పు లేదు. ఆ రోజు ఆ రోడ్ల మీద బండి తీయకండి.

మీ వీధి ఆ దారిలోనే ఉంటే, మజ్జిగ పంచేవాళ్ళెవరో ముందురోజే కనుక్కుని వెళ్ళి కలవండి. గ్లాసులు కడిగే చేతులు అక్కడ ఎప్పుడూ తక్కువే పడతాయి.